టిక్కీ... బండ... బార్‌బెల్!

జిమ్ములో కొత్తగా చేరిన కుర్రాణ్ణి ఎవర్నైనా అడిగి చూడండి, ‘కండ కావాలా, బలం కావాలా’ అని. ‘రెండూ’ అంటాడు ఠక్కున. ఆ రెండూ ఇచ్చే కసరత్తు ఏదో తేల్చుకోవడం దగ్గరే వస్తుంది తంటా. ఫోన్లో ఒకాయన వారానికి ఆరు రోజులు చెయ్యమంటాడు. ఇంకొకాయన మూడు రోజులే చాలంటాడు. జిమ్ములో సీనియర్ మరోటి చెబుతాడు. ఈ గందరగోళంలో పడేముందు పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం నేలమీద ఓసారి తిరిగి రావడం మంచిది. ఇక్కడ మనుషులకూ ఎడ్లకూ కూడా బరువుతో పాత పరిచయం. పదండి, చూసొద్దాం.

ఘాటులో మోత

ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టాలంటే ముక్కుకు రుమాలు కట్టుకోవాల్సిందే. తేజ, 334, బాడిగ... రకరకాల కాయ. ఎటు చూసినా గోతాల బారులు. ఇక్కడ బస్తాను ‘టిక్కీ’ అంటారు. ఒక్కోటి దాదాపు 40 నుంచి 45 కిలోలు. లారీ మీంచి దించేదీ, కాటాకు ఎత్తేదీ, మళ్లీ లారీకి ఎక్కించేదీ ముఠా కూలీలే. ఓ మనిషి నూరు టిక్కీలు మోశాడంటే నాలుగు టన్నులు మోసినట్టే.

మరి అంత బరువు మోసేవాళ్లకి జిమ్ము కుర్రాళ్లలా ఛాతీ, భుజాలు ఉబ్బి ఉండాలి కదా? చాలామంది బక్కపలచగానే ఉంటారు. బలం లేకా? కాదు, వాళ్లు అవలీలగా ఎత్తే టిక్కీని బైసెప్స్ చూపించుకునే కుర్రాడు నాలుగుసార్లు ఎత్తితే ఆయాసపడతాడు. అసలు కారణం వేరే. ఒంటికి ఓ లెక్కుంది. అలవాటైన పనికి ఎంత కండ అవసరమో అంతే ఉంచుతుంది. టిక్కీ బరువు పదేళ్ల క్రితం ఎంతో ఇవాళా ఇంచుమించు అంతే. బరువు పెరగదు, కాబట్టి కండ పెరగాల్సిన అవసరం ఒంటికి కనిపించదు. పైగా రోజంతా మోతే. తిన్నది ఆ శ్రమకే సరిపోతుంది. కండ కట్టడానికి మిగిలేదీ తక్కువే, విశ్రాంతీ తక్కువే. పొట్టకూటి కోసం మోసే మనిషి రేపు సెలవని అనలేడు. నడుమూ మోకాళ్లూ ఆ కష్టానికి వడ్డీ కడుతూనే ఉంటాయి.

జిమ్ములోనూ కొందరు ఇదే చేస్తారు, ఏ అవసరమూ లేకుండానే. ఏడాదిగా అవే డంబెల్స్, అవే పన్నెండు సార్లు, వారానికి ఆరు రోజులు! చెమట పడుతుంది, కండ మాత్రం రాదు.

పళ్లు చూసి బండ కడతారు

గుంటూరుకు ఆనుకునే లాం ఉంది. మిరప రైతుకు 334 రకాన్ని ఇచ్చింది అక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానమే. ఒంగోలు జాతి పశువుల మీద పరిశోధన జరిగే క్షేత్రమూ లాంలోనే ఉంది. ఈ జాతి బ్రెజిల్ దాకా వెళ్లి అక్కడ ‘నెలోర్’ పేరుతో మందలు మందలుగా పెరిగింది. మూపురం, గంగడోలు, నిండైన కండ... కండా బలమూ ఒకే ఒంట్లో చూడాలంటే ఒంగోలు గిత్తను చూడాలి.

సంక్రాంతికీ, తిరునాళ్లకూ ఈ జిల్లాల్లో ఎడ్ల బల ప్రదర్శనలు జరుగుతాయి. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే పందెం. ఈలలు, కేకల మధ్య చాలామంది గమనించనిది ఒకటుంది. అన్ని జతలకీ ఒకే బండ కట్టరు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ తర్వాత సీనియర్లు... పళ్లను బట్టి వయసు, వయసును బట్టి విభాగం, విభాగాన్ని బట్టి బండ. పాలపళ్ల గిత్తకు సీనియర్ బండ కట్టమని చూడండి, రైతు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు!

పోటీ లేనప్పుడు ఆ గిత్తను ఎలా సాకుతారో చూసినా తెలుస్తుంది. ఉలవలు, పత్తిగింజలు పెడతారు. మాలిష్ చేస్తారు. దమ్ము తీయించిన మర్నాడు విశ్రాంతి ఇస్తారు. అంటే కొంచెం కొంచెంగా పెరిగే బరువు, మధ్యలో ఆటవిడుపు, కడుపునిండా బలమైన మేత. వ్యాయామ శాస్త్రం పుస్తకాల్లో రాసినదాన్నే మన రైతు కొట్టంలో చేసి చూపిస్తున్నాడన్నమాట.

చట్టం వెంటాడిన ఊరు

గుంటూరు నుంచి ప్రత్తిపాడు, పెదనందిపాడు మీదుగా పర్చూరు రోడ్డు పట్టుకుంటే దారిపొడవునా నల్లరేగడే. కాలాన్ని బట్టి ఒకవైపు తెల్లగా పగిలిన పత్తి, మరోవైపు కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరప. చీరాల చేరేసరికి నలుపు పోయి ఇసుక నేల వస్తుంది. అక్కణ్నుంచి బాపట్ల వైపు తిరిగితే స్టూవర్టుపురం. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా.

ఈ పేరు వినగానే చాలామందికి సినిమాలే గుర్తొస్తాయి. 1991లో రెండు, 2023లో మరొకటి, అన్నీ దొంగల కథలే. అసలు కథ చట్టంతో మొదలైంది. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని బ్రిటిష్ పాలకులు 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఇక్కడ ఉంచారు. అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఊరికి పెట్టారు. పుట్టుకతోనే నేరస్థులన్న ఆ ముద్రను చట్టం 1952లో తీసేసింది. జనం నోళ్లలోంచి పోవడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది.

ఆ ఊరి కుర్రాడే రాగాల వెంకట్ రాహుల్. 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో రజతం గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. తన ఒంటి బరువుకు రెండింతలు దాటిన బార్‌బెల్‌ను తలపైకి లేపాడు. ఆ రోజు స్టూవర్టుపురం పేరు పత్రికల్లో క్రీడల పేజీకెక్కింది.

రాహుల్ విభాగం మనకు ఇంకో సంగతీ చెబుతుంది. వెయిట్‌లిఫ్టర్ ఇష్టమొచ్చినంత కండ పెంచుకోలేడు, అప్పట్లో 85 దాటితే విభాగమే మారిపోయేది. అందుకే ఎక్కువ బరువును ఒకటి రెండుసార్లే ఎత్తుతూ, ఉన్న కండతోనే నరాలను పదును పెట్టుకుంటాడు. బాడీబిల్డర్‌ది వేరే దారి. ఎంత ఎత్తాడని వేదిక మీద ఎవరూ అడగరు, కండ నిండుగా, తీరుగా ఉండాలి. అతను మధ్యరకం బరువును ఎక్కువసార్లు ఎత్తుతాడు.

ఆడపిల్లలకు బరువులెందుకనే అమ్మానాన్నలకు మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరే సమాధానం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. బరువులెత్తితే ఆడపిల్లలు మగరాయుళ్లలా అయిపోతారన్నది ఉత్త భయం. ఎముకలు గట్టిపడతాయి, అంతే.

మరి ఏది ఎంచుకోవాలి?

కొత్తవాళ్లకు శుభవార్త ఏమిటంటే, మొదటి ఆరు నెలల నుంచి ఏడాది దాకా కండా బలమూ కలిసే వస్తాయి. మొదటి వారాల్లో బలం గబగబా పెరుగుతుంది, అది నరాలు నేర్చుకునే పని. అద్దంలో తేడా కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆలోగా ‘ఇది పనిచెయ్యట్లేదు’ అని కార్యక్రమం మార్చేవాళ్లే ఎక్కువ.

మొదట్లో రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులు చాలు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్‌ప్రెస్, భుజాలపైకి ఎత్తే ప్రెస్, రోయింగ్... ఈ అయిదే పునాది. రోజుకు రెండు మూడు తీసుకుని, ఒక్కోటి అయిదుసార్ల చొప్పున మూడు నుంచి అయిదు సెట్లు. సెట్ల మధ్య మూడు నిమిషాల విరామం. ఇది బలానికి. తర్వాత తేలిక బరువుతో రెండు మూడు కసరత్తులు, 8 నుంచి 12 సార్లు. ఇది కండకు. అన్ని సెట్లూ సరైన భంగిమలో పూర్తయితేనే మరోసారికి రెండున్నర కిలోలు కలపాలి. అలా కలపడం ఆగిపోయే రోజు వస్తుంది. అప్పుడు నాలుగు రోజులకు మారాలి. పైభాగానికి రెండు, కాళ్లకు రెండు. అందులో ఒకటి భారీ బరువు రోజు, మరొకటి ఎక్కువసార్లు ఎత్తే రోజు. ఆరేడు వారాలకోసారి ఓ వారం బరువు తగ్గించుకోవాలి.

తిండి సంగతి. ఒంటి బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. 60 కిలోల కుర్రాడికి 96 గ్రాములన్నమాట. గుడ్డులో 6 గ్రాములు, నూరు గ్రాముల కందిపప్పులోనో ఉలవల్లోనో 22 గ్రాముల దాకా ఉంటాయి. పెరుగు, వేరుసెనగ, చికెన్ ఉండనే ఉన్నాయి. డబ్బా పొడి తప్పనిసరేం కాదు. నెలలో కండలు తెప్పిస్తానంటూ ఎవరైనా సూది మందు చూపిస్తే మాత్రం ఆ జిమ్ము గడప మళ్లీ తొక్కొద్దు. స్టెరాయిడ్లు గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదుగానీ, వేసవిలో కసరత్తు పొద్దున్నే పూర్తిచేసుకోవాలి.

ఏ కార్యక్రమం చూపించినా మూడు ప్రశ్నలు వెయ్యండి. బరువు ఎప్పుడు, ఎంత పెరుగుతుంది? విశ్రాంతి ఎక్కడుంది? నాకు ఇప్పుడు ఎన్ని పళ్లు? చివరిది నవ్వులాటకు కాదు. గిత్త నోరు తెరిచి పళ్లు చూశాకే బండ కట్టే రైతు ఇంట్లో పుట్టి, తన సంగతి చూసుకోకుండా సీనియర్ బండ ఎత్తుకుంటే ఎలా?