అంకె తగ్గితే అనుమానం

బొగ్గు పొగలో నీళ్లుంటాయంటే చాలామంది నమ్మరు. బొగ్గులోని తడి, దానిలోని హైడ్రోజన్ మండి పుట్టే ఆవిరి, అన్నీ పొగతో పాటే పైకి పోతాయి. వేడి తగ్గనంతవరకూ పేచీ లేదు. ఆ పొగలో కాస్త లాగి సల్ఫర్ డయాక్సైడ్ ఎంతుందో కొలవబోయినప్పుడే అసలు గొడవ.

2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల పరిశ్రమలు కాలుష్యాన్ని నిరంతరం కొలిచి, రీడింగులు ఆన్‌లైన్‌లో పంపాలంది. థర్మల్ కేంద్రాలూ అందులో ఉన్నాయి. పొగగొట్టం మీది ప్రోబ్ నుంచి కింద ఎనలైజర్ గది దాకా వచ్చే శాంపిల్ లైన్‌ను దాదాపు 180 డిగ్రీల వేడిలో ఉంచుతారు. మధ్యలో ఒక్క మూర చల్లబడినా ఆవిరి చుక్కవుతుంది, వాయువు అందులో కరిగిపోతుంది. అంత జాగ్రత్తగా వేడిగా తెచ్చినదాన్ని గదిలోకి రాగానే కూలర్‌లో 4, 5 డిగ్రీలకు దించేస్తారు. వింతగానే ఉంటుంది. కానీ నీటికీ వాయువుకీ పలకరించుకునే వ్యవధి ఇవ్వకుండా చటుక్కున విడదీయడమే కిటుకు.

విడిన నీటిని బయటికి తోడే పంపులో జానెడు మెత్తని గొట్టం ఉంటుంది. తిరిగే రోలర్లు దాన్ని రాత్రీ పగలూ నొక్కుతూనే ఉంటాయి. కొన్నాళ్లకు గట్టిపడి, పగుళ్లిస్తుంది. లక్షల ఖరీదు యంత్రం ఆయుష్షు దాని చేతిలోనే ఉంది. ఆ తర్వాత టెఫ్లాన్ ఫిల్టరూ, తడి తగిలితే శాంపిల్ పంపును ఆపేసే సెన్సారూ ఉంటాయనుకోండి. అవి ఆఖరి కాపలా మాత్రమే.

నీళ్లు చేరితే యంత్రం పాడవుతుందని అందరూ చెబుతారు. నా భయం పాడవక ముందు రోజుల గురించి. నిలిచిన నీరు సల్ఫర్ డయాక్సైడ్‌ను మింగేస్తుంది, తెరమీద అంకె తగ్గుతుంది. తగ్గిన అంకె మీద ఫిర్యాదు చేసేవాడెవడు? అదే గదిలో నైట్రిక్ ఆక్సైడ్ రీడింగు మాత్రం దాదాపు కదలదు, అది నీటిలో అంతగా కరగదు మరి. దొంగను పట్టిచ్చేది ఆ తేడాయే. మోతాదు ముందే తెలిసిన సిలిండర్ గ్యాసును నేరుగా ఎనలైజర్‌కే ఇచ్చి పరీక్షిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఆ పొడి గ్యాసు తడిసిన దారిలో నడవలేదు కదా! పరీక్ష ప్రోబ్ దగ్గర నుంచి జరగాలి.

లోడు మారలేదు, బొగ్గు మారలేదు, సల్ఫర్ అంకె ఒక్కటే దిగింది. అలాంటి రోజున షిఫ్టు పుస్తకంలో ‘నార్మల్’ అని రాసేముందు, కూలర్ డ్రెయిన్‌లో నీళ్లు పడుతున్నాయో లేదో ఒక్కసారి చూసి రండి.