పులి - మేక

గోడ పత్రికకు కథ రాయమన్నారు. నాకు కథలు రావు. అందుకని ఒక ఆట గురించి రాస్తున్నాను.

మాది ఇటిక్యాల. దసరా సెలవులకు మా పెద్దనాన్న కొడుకు పట్నం నుంచి వచ్చిండు. ఆ అన్నకు పాత వీడియో ఆటల పిచ్చి. 1990లో జపానులో వచ్చిన 'ఫైర్ ఎంబ్లం' గురించి చెప్పిండు. గళ్ల మీద సైనికులను కదపాలె. చచ్చిన సైనికుడు మామూలుగా మళ్లీ రాడట. మంచంలో ఉన్న మా తాత విని, "మా మేక గుడ అంతే గదరా" అన్నడు.

తాతకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అప్పటినుంచి సరిగా మాట్లాడలేదు. ఆయన ఆడే బండ రచ్చకట్ట మీద ఉండేది. పోయినేడు దానిమీద సిమెంటు పోసిండ్రు. నేను మంచం పక్కన నేలమీద బొగ్గుతో గీసిన.

త్రికోణం, దానికి అడ్డంగా పెట్టె. గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. కొన్ని ఊళ్లలో పులిజూదం అంటారు, మేమైతే పైసలు పెట్టము. మేకలను ఒక్కొక్కటే పెట్టాలి. అన్నీ పెట్టేదాకా పెట్టిన మేక కదలరాదు, పులి మాత్రం తిరుగుతుంది. మేక వెనుక చోటు ఖాళీగా ఉంటే దూకి తింటుంది. పులులు కదలకుండా కడితే మేకలు గెలిచినట్టు.

నేనెప్పుడూ పులినే. పులికి దూకుడు ఉంటుంది గదా! తాత నోటితో చెప్తే ఆయన మేకలు గూడ నేనే పెట్టిన. ఆయన గీతల చివర్లు ముందు నింపుతడు. అక్కడి మేకను ఆ గీత వెంట దూకితే దిగడానికి చోటుండదు. తర్వాత మేక వెనుక మేక. నాకైతే ఇది యుద్ధం కన్న గోడ కట్టుడు లెక్క అనిపించింది.

ఒకసారి మేక దొరికింది. పాపం అనిపించి తినలేదు. తాత సూసిండు. ఎడమ చేత్తో చింతగింజలన్నీ చెరిపేసిండు. "పులివైతే తిను. నా మీద దయ సూపకు" అన్నడు. అంత పొడుగు మాట అన్ని నెలల్లో అదే. నాకు ఏడుపొచ్చింది, మళ్లీ పేర్చిన. ఈసారి మూడు తిన్న. అయినా రెండు పులులను కట్టేసిండు.

మూడోది మిగిలి ఉండగానే సెలవులు అయిపోయినయి. అమ్మ ఇల్లు అలికేటప్పుడు ఆ చోటు వదిలేస్తున్నదట.

ఆదివారం వరండాలో గీస్తాను, సుద్దముక్క నాదే. ఎవరైనా మేకలు పట్టండి.

- 9వ తరగతి విద్యార్థి