పియానో ముందు పిల్లి

‘టామ్ అండ్ జెర్రీ’ కార్టూన్లలోని టామ్ చేత తెలుగు మాట్లాడించాలని ఎవరికి తోచిందో గానీ, ఆ బొమ్మల్ని ప్రేమించేవాళ్లకు ఒళ్లు మండే పని అది. ఫోన్ల మీద చేతులు మారుతూ తిరిగే ఆ వీడియోల్లో పిల్లి సినిమా డైలాగులు కొడుతుంది, ఎలుక ఎదురు పంచ్ వేస్తుంది. ఈ గోలలో అసలు సంగీతం వినపడనే వినపడదు. దాదాపు మాటల్లేకుండానే ప్రపంచాన్నంతా నవ్వించిన పిల్లికి ఈ అరువు గొంతు ఎందుకు?

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇది మరీ అనవసరం. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో అడుగుపెట్టింది. ఆ తర్వాత కేబుల్ తీగలు ఊళ్లలోకి వచ్చాక, ఇంగ్లీషు ముక్క రాని పిల్లలు కూడా టామ్ అండ్ జెర్రీ ముందు అన్నం కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ల వెనకే మామ్మలూ కూర్చున్నారు. ఎవరికీ ఏదీ వివరించి చెప్పాల్సిన పని పడలేదు. వాదనలు మాత్రం పడ్డాయి. ముఖ్యంగా ‘ది క్యాట్ కాన్సర్టో’ వచ్చినప్పుడు.

అది 1947లో విడుదలైన చిత్రం. టామ్ నల్లకోటు తొడుక్కుని సభలోకి వస్తాడు, పియానో ముందు కూర్చుని లిజ్ట్ రాసిన రెండో హంగేరియన్ రాప్సడీ ఎత్తుకుంటాడు. పియానో లోపల జెర్రీ నిద్రపోతుంటాడు. మెట్ల మీద వేళ్లు పడగానే లోపలి సుత్తులు లేచి వాణ్ణి ఎగరేస్తాయి. ఇక మొదలు. జెర్రీ మూత దభీమని వేళ్ల మీద పడేస్తాడు, మెట్టు ఉండాల్సిన చోట ఎలుకల బోను పెడతాడు. టామ్ కచేరీ ఆపడు. చేతులు ఎలుక వేటలో ఉంటే కాళ్లతో వాయిస్తాడు. చివరికి పిల్లి చొక్కా పీలికలై సొమ్మసిల్లితే, దీపం వెలుగు ఎలుక మీద పడుతుంది. చప్పట్లూ వాడికే.

తప్పెవరిది? పిల్లలు ఎప్పుడూ జెర్రీ వైపే. మామ్మలు మాత్రం టామ్ వైపు. “ఆడి పని ఆడు సేసుకుంతంటే ఈ ఎలక్కేటి నొప్పి?” అంటుంది పెద్దావిడ. “పడుకున్నోడ్ని ముందు లేపీసింది ఎవులు మామ్మా?” అంటాడు మనవడు. రెండూ కొట్టెయ్యదగ్గ వాదనలు కావు. అయినా తీర్పు మామ్మదే సరైనది. సభలో కూర్చున్న కళాకారుడి వేళ్లు నలిపి చప్పట్లు కొట్టించుకోవడం గెలుపెలా అవుతుంది?

ఆ ఏటి ఆస్కార్ పోటీలోనూ గొడవే. అదే రాప్సడీతో వార్నర్ బ్రదర్స్ వాళ్లు బగ్స్ బన్నీని పియానో ముందు కూర్చోబెట్టి 1946లో ‘రాప్సడీ రాబిట్’ తీశారు. మా ఊహ కాజేశారంటే మా ఊహ కాజేశారని రెండు స్టూడియోలూ తగువుపడ్డాయి. ఆస్కార్ టామ్ అండ్ జెర్రీకే దక్కింది, వరసగా నాలుగోసారి. మొత్తం మీద ఆ జంటకు వచ్చినవి ఏడు. తర్వాత 1994లో యానిమేషన్ వృత్తిలో ఉన్నవాళ్ల అభిప్రాయాలు సేకరించి 50 గొప్ప కార్టూన్ల పుస్తకం వేస్తే, దీనికి 42వ స్థానమిచ్చారు. 42! ముందున్న ఆ 41లో ఇంత మంచి చేతులు ఎన్నిటిలో ఉన్నాయో చూపించమనాలి.

స్కాట్ బ్రాడ్లీ పేరు మన పత్రికల్లో ఎక్కడా కనపడకపోవడం మరో అన్యాయం. 1940 నుంచి 1958 దాకా విలియం హానా, జోసెఫ్ బార్బెరా కలిసి తీసిన 114 చిత్రాల్లో దాదాపు అన్నిటికీ సంగీతం ఆయనదే. పిల్లి పిల్లిమెత్తగా నడిస్తే ఆ అడుగు ఒక వాద్యం, కంచం పగిలితే ఆ పగులు మరో వాద్యం. టామ్ కెవ్వుమన్నప్పుడు వినిపించేది సాక్షాత్తూ హానా గొంతు. కన్నవాడి అరుపూ, బ్రాడ్లీ వాద్యాలూ ఉండగా తెలుగు డైలాగుకు ఖాళీ ఎక్కడుంది?

మాటల్లేని సంగీతం ఈ ప్రాంతానికి కొత్తా? పొందూరు నుంచి రైలెక్కితే విజయనగరం ఎంతో దూరం లేదు. 1919లో అక్కడ మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో ఏకకాలంలో అయిదు తాళాలు వేసి చూపిన మనిషి. టామ్ కాళ్లతో పియానో వాయిస్తుంటే దాసుగారు గుర్తుకు రావడంలో అపచారమేమీ లేదు, అది పొగడ్తే. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ద్వారం వెంకటస్వామి నాయుడు, గాత్రానికి పక్కవాద్యంగా ఉంటూ వచ్చిన వయొలిన్‌ను కచేరీకి పెద్దను చేశారు. పాడేవాళ్లు లేకుండా ఒక్క వయొలిన్ వింటూ జనం గంటల తరబడి కూర్చున్నారు.

పొందూరు మామ్మలు చేతుల్ని చూసి తీర్పు చెప్పడానికి కారణం ఉంది. వాళ్లలో చాలామంది బతుకంతా ఖాదీ నూలు వడుకుతూ వేళ్లతోనే గడిచింది. వాలుగ చేప దవడ ఎముకకు సన్నటి పళ్లుంటాయి. కొండపత్తిని దానితో దువ్వుతారు. ఆ పళ్లకు నలుసూ చెత్తా చిక్కి, పోగులు ఒక తీరుకి వస్తాయి. తర్వాత గింజ తీయాలి, దూది ఏకాలి, ఏకులు చుట్టాలి. ఆ ఏకుల్ని ఎండిన అరటి దొప్పలో దాచి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. నూరో నెంబరు నూలు, అంతకన్నా సన్ననిది కూడా, ఇక్కడ చేత్తోనే వచ్చింది. ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో ఏర్పడింది ఈ చేతుల కోసమే. ఒక చెయ్యి చక్రం తిప్పుతుంటే రెండోది ఏకుని లాగుతుంది. ఆ లాగుడులో వెంట్రుకవాసి తేడా వస్తే దారం తెగుతుంది, మళ్లీ అతకాలి.

ఇంత పని చేసిన బట్టను పట్నం దుకాణంలో మడత విప్పించి, ధర చూసి పెదవి విరిచేవాళ్లు ఉన్నారు. మిల్లు పంచెతో పోల్చి తగ్గించమనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ముందు పొందూరు వచ్చి వడికే ఇంట్లో ఓ పూట కూర్చోవాలి. ఆ దవడ ఎముక పట్టుకుని గుప్పెడు పత్తి దువ్వాలి. బేరం సంగతి ఆ తర్వాత మాట్లాడొచ్చు.