మొలతాడు చెప్పిన కొలత

"మొలతాడు రెండుసార్లు మార్చాను డాక్టరుబాబూ, పిల్లాడు ఒళ్లు చేశాడు" అంది ఆ తల్లి, కళ్ళు తుడుచుకుంటూ.

మూడు నెలల కిందట ఆ కుర్రాడే అన్నంలో విషం కలిపారని కంచం తోసేసేవాడు. గోడలు తిడుతున్నాయని చెవుల్లో దూది కుక్కుకుని వచ్చాడు. ఒలాంజపిన్ వేశాక ఆ తిట్లు ఆగాయి, నిద్ర పట్టింది, ముద్ద దిగింది. ఆవిడ సంతోషం చూసి నాకూ కడుపు నిండింది. అదే మందు మళ్ళీ రాసి పంపాను. బరువు తూచలేదు.

దక్షిణాసియా వాళ్ళలో మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే ప్రమాదమని చదువుకున్నవాణ్ణి. ఆ తల్లి టేపు లేకుండానే కొలిచి చెప్పింది. నేను వినలేదు.

ఏడాది తిరక్కుండానే, రాత్రి ఐదారుసార్లు లేస్తున్నాడని తీసుకొచ్చింది. పరగడుపు షుగరు 262. కుర్రాడి వయసు 26.

ఊళ్ళో ఆరెంపీ "ఆ పిచ్చి బిళ్ళల వల్లే ఇదంతా, ఆపేయండి" అన్నాడు. ఆపేశారు. మూడో వారానికి గోడలు మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాయి. ఆరెంపీ మీద కోపం వచ్చిన మాట నిజమే. కానీ అతని మాటలో సగం నిజం ఉంది. ఆ సగం మొదటిరోజే నేను చెప్పి, మిగతా సగం కూడా చెప్పి ఉంటే, ఆ ఇల్లు రెండోసారి ఆ నరకం చూసేది కాదు.

ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులు మెదడులో ఆకలిని అదుపుచేసే చోట్ల కూడా పనిచేస్తాయి. తిన్నా తృప్తి ఉండదు. అర్ధరాత్రి చద్దన్నం వెతుక్కునే పిల్లాణ్ణి తిండిపోతని తిట్టకండమ్మా, అది మందు పెట్టిన ఆకలి. కొందరిలో బరువు అంతగా పెరగకపోయినా షుగరు, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకంటే 10 నుంచి 20 ఏళ్ళు ముందే పోతున్నారు. అందరూ ఆత్మహత్యలకే భయపడతారు గానీ, ఎక్కువమందిని తీసుకుపోయేది గుండెజబ్బూ ఇతర ఒంటి జబ్బులే.

మందు మొదలుపెట్టేముందే బరువు, నడుము, బీపీ, పరగడుపు షుగరు, కొవ్వులు చూడాలనీ, 4, 8, 12 వారాలకు మళ్ళీ బరువు తూచాలనీ, పన్నెండో వారం రక్తపరీక్షలు చేయించాలనీ అమెరికాలో మధుమేహ, మానసిక వైద్యుల సంఘాలు కలిసి 2004లోనే చెప్పాయి. అయినా నా దగ్గరికొచ్చే పాత ఫైళ్ళలో అనుమానాలు, భ్రమలు, నిద్ర అన్నీ వివరంగా ఉంటాయి, బరువు మాత్రం ఉండదు. ఫిజీషియన్ "మెంటల్ కేసు, వాళ్ళే చూసుకుంటారు" అంటాడు. మేము "షుగరు ఆయన చూస్తాడు" అంటాం. దర్జీ టేపు ఒకటి బల్లమీద పెట్టుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

ఆ కుర్రాడికి అదే మందు మళ్ళీ మొదలుపెట్టి, మనసు నిలకడపడ్డాక మెల్లగా అరిపిప్రజోల్‌కు మార్చాం. మెట్‌ఫార్మిన్ చేర్చాం. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, సాయంత్రం చెరువుగట్టు దాకా నడక. తల్లి కూడా వెంట నడుస్తుంది.

మొన్న వచ్చినప్పుడు చొక్కా పైకెత్తి సిగ్గుపడుతూ నిలబడ్డాడు. టేపు ఒక కొస ఆవిడే పట్టుకుంది. 104 ఉన్న నడుము 98కి దిగింది. అంకె ఫైల్లో రాస్తుంటే ఆవిడ ఒంగి చూసి, "ఇంకా ఎంత తగ్గాలి బాబూ?" అని అడిగింది.

"ఎనిమిది, అమ్మా" అన్నాను.