తయమ్ముం పాఠం

తయమ్ముం అధ్యాయాన్ని మేము ఇరవై ఆరేళ్ళుగా మదరసాలో బోధిస్తున్నాము. నీరు దొరకనప్పుడు, దొరికినా అది దాహానికే సరిపోయేంత ఉన్నప్పుడు, పరిశుభ్రమైన మట్టిపై అరచేతులు ఆనించి ముఖాన్నీ, మోచేతులతో సహా చేతులనూ తుడుచుకునే పద్ధతిని ఎన్ని తరగతులకు చెప్పామో లెక్కలేదు. కాని మొన్నటి సంక్రాంతి సెలవుల వరకు, నిజమైన అవసరం కలిగి ఒక్కసారైనా తయమ్ముం చేసి ఎరుగము.

ఆ అవసరం మాకు ఎక్కడ కలుగుతుంది? మాది తెనాలి పక్కన అంగలకుదురు. కృష్ణా పశ్చిమ డెల్టా. వరి కోసిన చేలల్లో మినుము పచ్చగా పరుచుకునే నేల. ఇంటి నుండి మసీదుకు నడిచేలోగా కాలువో, పంట బోదో, చేతిపంపో ఎదురవుతుంది. వుజూకు నీరు వెదకడం అనే మాటే మా పిల్లలకు తెలియదు. కొండను చూడాలన్నా మంగళగిరి వైపో, గుంటూరు దాటో వెళ్ళాలి.

పాఠక సోదర సోదరీమణులకు ఈ నెల ఒక ప్రయాణం గురించి చెప్పుకోదలిచాము. అందులో మా పొరపాటు ఒకటి కాదు, రెండున్నాయి. ఒకటి అడవిలో జరిగింది. మరొకటి దానికి రెండేళ్ళ ముందు మా ఇంటి వరండాలో జరిగింది.

మా పెద్దమ్మాయి డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతోంది. మొదటి సంవత్సరంలో ఉండగా కళాశాలవారు విద్యార్థినులను ఒక్కరోజు కోసం కొండవీడు తీసుకువెళతామన్నారు. అధ్యాపకురాళ్ళు వెంట ఉంటారు. ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగి వస్తారు. అమ్మాయి అనుమతి పత్రం తెచ్చి మా ముందు పెట్టింది. మేము చదవకుండానే మడిచి ఇచ్చేశాము. "తోడు లేని ప్రయాణం ఆడపిల్లలకు షరీఅత్‌లో లేదు తల్లీ" అన్నాము. అమ్మాయి వాదించలేదు. ఆ పత్రాన్ని పుస్తకంలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంతకుముందు ప్రతి సాయంత్రం ఏదో ఒక ఆకు తెచ్చి చూపించి దాని సంగతులు చెప్పేది. ఆ రోజు తర్వాత చెప్పడం మానివేసింది. మేము అడగనూ లేదు.

రెండేళ్ళు గడిచాయి. ఈ శీతాకాలంలో ఒక రాత్రి పిల్లల తల్లి మాతో, "దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం పెట్టుకున్నారని మీరు ఎన్నో జుమా ప్రసంగాల్లో చెప్పారు. పరుగు మాట అటుంచండి. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో మనం కలిసి ఒక మైలు నడిచామా?" అన్నారు. ఆమె నవ్వుతూనే అన్నారు. మాకు మాత్రం నవ్వు రాలేదు.

అలా లక్నవరం ప్రయాణం నిశ్చయమైంది. మదరసాలో మూడు రోజుల సెలవు అడిగాము. బయలుదేరే ముందురోజు అమ్మాయి, "అబ్బా, అక్కడ నమాజు కుదించి చేయాలా?" అని అడిగింది. ఇంటివద్ద ఆమె అడిగిన మతపరమైన ప్రశ్న ఈ మధ్యకాలంలో అదే మొదటిది. మాకు ఉత్సాహం కలిగింది. హనఫీ పండితులు ప్రయాణ దూరాన్ని 48 మైళ్ళుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కించారనీ, అంత దూరం వెళ్ళే సంకల్పంతో ఊరి పొలిమేర దాటితే నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండవుతుందనీ, మగ్రిబ్ మాత్రం మూడుగానే ఉంటుందనీ వివరంగా చెప్పాము. అమ్మాయి శ్రద్ధగా విని, "77 కిలోమీటర్లు" అని తనలో తాను అనుకుంది.

తెనాలిలో రైలెక్కి వరంగల్‌లో దిగాము. అక్కడి నుండి ఏటూరునాగారం దారిలో చల్వాయి వరకు బస్సు, ఆపైన ఆటో. లక్నవరం చెరువు ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో ఉంది. పాకాల, రామప్ప చెరువుల వలె ఇది కూడా కాకతీయుల కాలం నాటిది. దీని నిర్మాణంలో ఒక తెలివి ఉంది. చుట్టూ ఉన్న కొండలనే గట్లుగా వాడుకున్నారు. కొండల మధ్యనున్న మూడు ఇరుకైన సందులను మాత్రం పొట్టి కట్టలతో మూసివేశారు. వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ నీరు కింది పొలాలను తడుపుతోంది. నీటి మధ్యలో దీవులు, వాటిని చేరడానికి వేలాడే వంతెన. కాలువ నీటిని మాత్రమే చూసి పెరిగిన మా చిన్నవాడు, "అబ్బా, ఈ నీరు ఎటూ పోవడం లేదేమిటి?" అని ఆశ్చర్యపడ్డాడు.

ఆ రాత్రి గుడారంలో పడుకున్నాము. ఇంటి నుండి తెచ్చిన చపాతీలు, గోంగూర పచ్చడి, ఉడికించిన గుడ్లు తిన్నాము. చలి ఎముకలను కొరికింది. అయినా పిల్లల తల్లి చాలాసేపు గుడారం బయటే కూర్చుని నక్షత్రాలను చూస్తూ ఉండిపోయారు. ఫజర్‌కు చెరువు నీటితో వుజూ చేసి, పొగమంచులో అజాన్ పలికాము. అవతలి కొండ ఆ పిలుపును తిరిగి మాకే వినిపించింది. భూమిపై సంచరించి సృష్టిని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ చెప్పిన మాటను ఎన్నోసార్లు వివరించాము గాని, దాని రుచి ఆ ఉదయమే తెలిసింది.

రెండవరోజు జొహర్ తర్వాత కొండ అంచున నడుద్దామని బయలుదేరాము. అక్కడి కాపలాదారు, "గట్టు వెంబడే వెళ్ళండి సారూ. అడవి లోపలికి పోవద్దు, ఎలుగుబంట్లు ఉంటాయి. పొద్దు వాలకముందే తిరిగి రండి" అని చెప్పారు. మేము తల ఊపాము. ఒక గంట నడిచాక, కొండ మీదుగా పోయే పశువుల దారి ఒకటి కనిపించింది. దాని గుండా అయితే త్వరగా తిరిగి చేరవచ్చని మాకు తోచింది. అమ్మాయి, "వచ్చిన దారినే వెళ్దాం అబ్బా" అన్నది. "నేనున్నాను కదా" అన్నాము.

టేకు, మద్ది, వెదురు. ఒక దారి రెండయింది, రెండు నాలుగయ్యాయి. కాసేపటికి చెరువు కనబడకుండా పోయింది. సెల్‌ఫోనుకు సిగ్నల్ లేదు. నాలుగున్నర దాటింది. పిల్లవాడు దాహమన్నాడు. మూడు సీసాల్లో రెండు ఖాళీ అయ్యాయి. మూడవదానిలో సగం మిగిలింది. అసర్ సమయం గడుస్తోంది.

ఇక్కడ మేము ఒక నిజం ఒప్పుకోవాలి. మా చెయ్యి ఆ సీసా మూత మీదికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళకు పైబడిన అలవాటు అది. నీరు కళ్ళ ఎదుట ఉండగా మట్టి మీద చేతులు పెట్టడానికి మనసు ఒప్పలేదు. అప్పుడు అమ్మాయి మెల్లగా, "అబ్బా, అది తమ్ముడి దాహానికి. ఖుదూరీ పాఠంలో మీరే చెప్పారు" అన్నది. మదరసా పిల్లలకు మేము వరండాలో పాఠం చెబుతుంటే, ఈ పిల్ల వంటగది తలుపు వెనుక నుండి వింటూ ఉండేదని మాకు ఆ క్షణందాకా తెలియదు.

సీసాను పిల్లవాడికి ఇచ్చాము. ఎర్రమట్టి మీద అరచేతులు ఆనించి ముఖం తుడుచుకున్నాము. పొద్దును బట్టి పడమర ఎటో చూసుకుని, కొద్దిగా ఉత్తరానికి మళ్ళి నిలబడ్డాము. కుడిపక్కన చిన్నవాడు, వెనుక తల్లీ కూతుళ్ళు. రెండు రకాతులు. సజ్దాలో నుదుటికి ఎండుటాకులు తగిలాయి.

సలాం చెప్పి కూర్చున్నాక, తయమ్ముం ఆజ్ఞ అవతరించిన సందర్భం గుర్తుకు వచ్చింది. అది కూడా ఒక ప్రయాణమే. హజ్రత్ ఆయిషా (రజి) హారం పోయింది. దానిని వెదకడానికి దైవప్రవక్త (స) ప్రజలందరినీ నీరు లేని చోట ఆపారు. తండ్రి అయిన హజ్రత్ అబూబక్ర్ (రజి) వచ్చి కూతురిని మందలించారు, నీ వల్లనే అందరూ చిక్కుకున్నారని. తెల్లవారేసరికి తయమ్ముం ఆయత్ అవతరించింది. ఒంటెను లేపితే దాని కిందే హారం దొరికింది. తండ్రి కోపానికి కారణమైన ఆ ఆలస్యమే ఉమ్మత్ అంతటికీ సౌలభ్యమైంది. ఈ హదీసును మేము బోధించిన ప్రతిసారీ నియమం దగ్గరే ఆగిపోయాము. కూతురిని మందలించిన ఆ తండ్రి గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

లేచి, మేము ఎడమవైపు దారి పట్టబోయాము. పిల్లల తల్లి కదలలేదు. ఒక రాతి మీద కూర్చుని, "అమ్మాయి ఏదో చెప్పాలనుకుంటోంది. ముందు అది వినండి" అన్నారు.

అమ్మాయి చెప్పింది ఇంతే. కొండ ఎక్కేటప్పుడు ఒక ఎండిన వాగును రెండుసార్లు దాటాము. ఈ చుట్టుపక్కల వాన నీరంతా చెరువుకే చేరాలి. కాబట్టి వాగులోకి దిగి పల్లానికి నడిస్తే చాలు. నీరు పల్లమెరుగునని డెల్టాలో పుట్టిన మాకు వేరే ఎవరైనా చెప్పాలా? బోదె గట్లపై పెరిగినవాళ్ళం. అయినా మాకు తట్టలేదు. దారి మాకే తెలియాలి అనుకోవడం వల్ల తట్టలేదేమో.

ఆమె ముందు నడిచింది. మేము వెనుక నడిచాము. ఇసుక, గుండ్రాళ్ళు, మళ్ళీ ఇసుక. అరగంట తర్వాత తుంగ కనిపించింది. దాని వెనుక నీరు మెరిసింది. మగ్రిబ్‌కు చెరువు ఒడ్డున వుజూ చేశాము. అసర్ తిరిగి చేయాలా అని చిన్నవాడు అడిగితే అక్కరలేదని చెప్పాము. కాపలాదారు టార్చిలైటుతో ఎదురువచ్చి, మా వయసును గౌరవించి కాబోలు, ఏమీ అనలేదు.

ఆ రాత్రి ఇషా తర్వాత అమ్మాయిని పిలిచి, "నేడు నీ మాట మొదటే వినవలసింది" అన్నాము. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "అబ్బా, ప్రయాణ దూరం 77 కిలోమీటర్లని చెప్పారు కదా" అన్నది.

"అవును."

"కొండవీడు మన ఊరికి అరవై కూడా లేదు."

అంతకుమించి ఒక్క మాట అనలేదు. దుప్పటి కప్పుకుని పడుకుంది. మాకు నిద్ర పట్టలేదు.

మేము చదివిన గ్రంథాల్లో స్త్రీకి మహ్రమ్ తోడు తప్పనిసరి అన్న షరతు ప్రయాణ దూరానికి సంబంధించినది. ఆ దూరం ఎంతో ఏటేటా బోధించేది మేమే. కొండవీడు అందులోకి రాదు. తండ్రిగా మాకు వేరే సందేహాలు ఉండవచ్చు. వాటిని అడిగి తెలుసుకునే హక్కు ఉంది. కాని మేము ఏదీ అడగలేదు. నలుగురు ఏమంటారో అన్న మా భయానికి షరీఅత్ పేరు పెట్టాము. షరీఅత్ గీసిన గీత ఒకటి, మేము గీసిన గీత మరొకటి. మా గీతనే షరీఅత్ గీతగా ఆ పిల్లకు చూపించాము. ధర్మవిద్య బోధించేవాడికి ఇది చిన్న తప్పు కాదు. అడవిలో దారి తప్పితే నలుగురం తప్పాము. ధర్మం పేరుతో తప్పు దారి చూపితే, వెనుక వచ్చే పిల్లలు ధర్మాన్నే అనుమానిస్తారు. రెండేళ్ళు ఆమె మౌనంగా ఉండి కూడా నమాజును విడవలేదు, మా పాఠాన్ని వినడం మానలేదు. అది అల్లాహ్ కారుణ్యమే గాని మా గొప్పతనం కాదు. ఫజర్ వేళ ముందు ఆయనను క్షమాపణ వేడుకుని, తర్వాత అమ్మాయినీ అడిగాము. "అలా అనకండి అబ్బా" అని మా చేయి పట్టుకుంది.

సంతానం మనవద్ద ఉన్న అమానత్ అని తరచుగా అంటాము. అమానత్‌ను కాపాడాలి, నిజమే. దానికి ముందుగా పిల్లల మాట చివరిదాకా వినాలి. కాదనవలసి వస్తే కాదనండి. కాని అది ధర్మం మాటో, మీ భయమో స్పష్టంగా చెప్పండి. వీలైతే సంవత్సరానికి ఒకసారైనా ఇంటిల్లిపాదీ కలిసి కొండకో చెరువుకో వెళ్ళండి. నీళ్ళు అనుకున్నదానికి రెట్టింపు తీసుకువెళ్ళండి. అక్కడివారు వద్దన్న దారిలో అడుగు పెట్టకండి.

తిరిగివచ్చిన కొద్దివారాలకు అమ్మాయి మళ్ళీ ఒక పత్రం తెచ్చింది. కళాశాలవారు ఈ ఏడాది కూడా కొండవీడు వెళుతున్నారు. ఈసారి పత్రాన్ని మొదటి నుండి చివరిదాకా చదివాము. ఎవరు వెంట ఉంటారు, ఎన్నింటికి తిరిగి వస్తారు అని అడిగాము. సంతకం చేశాము. వెళ్ళే రోజున రెండు పెద్ద నీళ్ళ సీసాలు నింపి ఇస్తే, ఒకటి వెనక్కి ఇస్తూ, "ఒకటి చాలు అబ్బా, ఆ కొండ మీద చెరువులు మూడున్నాయి" అన్నది.

సాయంత్రం వచ్చేటప్పుడు ఒక ఆకు తెచ్చింది.