మిస్

మొన్న మగ్రిబ్ నమాజయ్యాక మా చిన్నది ఇంగ్లిష్ నోట్‌బుక్ పట్టుకొచ్చింది. "అబ్బా, 'ఐ మిస్ టు ఈట్ దాదీస్ షీర్‌ఖుర్మా' అని రాస్తే టీచర్ గలత్ అన్నారు. ఎందుకు?"

"మిస్ తర్వాత 'టు' రాదు బేటీ. 'ఐ మిస్ ఈటింగ్' అనాలి. ఫోన్ చేయడం మరిచిపోతే 'ఐ మిస్డ్ టు కాల్' అనకూడదు, 'ఐ ఫర్‌గాట్ టు కాల్' అనాలి."

"ఇంతకీ మిస్ అంటే మతలబ్ ఏంటి?"

బస్సు మిస్సయిందంటే అందలేదని. క్లాసు మిస్సయ్యాడంటే హాజరు కాలేదని. పర్సు మిస్సింగ్ అంటే కనిపించడం లేదని. పాత ఇంగ్లిషులో ఆ మాటకు గురి తప్పడం అనే అర్థం ఉండేది. మరి 'ఐ మిస్ యూ' అంటే?

అమ్మీ ఫోన్లో "తేరీ యాద్ ఆరీ రే బేటా" అనేది. మన జుబాన్‌లో యాదే కర్త. అదే వస్తుంది, మనం పిలవక్కర్లేదు. తెలుగులో "నువ్వు గుర్తొస్తున్నావు" అన్నా అంతే, వచ్చేది నువ్వే. ఇంగ్లిషులో మాత్రం కర్త 'ఐ'. అంటే నేను.

అమ్మీకి తెలిసిన ఇంగ్లిష్ ముక్క ఒక్కటే, మిస్‌కాల్. రోజూ ఫజర్ తర్వాత ఒకటి ఇచ్చేది, నేను తిరిగి చేసేవాణ్ణి. ఆ రోజు ఆఫీసుకి దేర్ అవుతోందని సాయంత్రం చేద్దాంలే అనుకున్నా. జొహర్ వేళకి ఖబర్ వచ్చింది, ఇంతెఖాల్ అయిందని. మయ్యత్‌ని ఎక్కువసేపు ఉంచకూడదని పెద్దలన్నారు. ఫోన్లో సరే అన్నది నేనే. హైదరాబాద్ నుంచి ఊరు చేరేసరికి తెల్లారింది. తడి ఆరని కబర్ దగ్గర నిలబడి దువా చేశాను. చివరి దీదార్ కూడా దక్కలేదు.

తిరిగొచ్చి లీవ్ లెటర్లో 'ఐ మిస్డ్ మై మదర్' అని రాశాను. పక్క సీటు ఆయన మెల్లగా 'లాస్ట్' అని దిద్దాడు. తల్లి చనిపోతే 'లాస్ట్' అనాలట. నేను రాసినదానికి, అమ్మను అందుకోలేకపోయాననే మతలబ్ కూడా వస్తుందట. ఆయన చెప్పిందీ సహీయే. నేను గలతీగా రాసిందీ సచ్చే.

ఇదంతా బిడ్డకేం చెప్పను? "మతలబ్ తర్వాత చెప్తాగానీ, పొద్దున్న మీ నానీ మిస్‌కాల్ ఇచ్చింది, చూశావా?" అని ఫోన్ చేతికిచ్చాను.

లోపలి గదిలోంచి దాని గొంతు వినబడింది. "నానీ, తుమారీ యాద్ ఆరీ."