టెసెల్ బురదలో థర్మామీటర్

నెదర్లాండ్స్‌లో డెన్ హెల్డర్ నుంచి ఫెర్రీ ఎక్కితే 20 నిమిషాల్లో టెసెల్ దీవి. దిగగానే హోరుగాలి, రేవు పక్కనే నియోజ్ సముద్ర పరిశోధన సంస్థ. నేనొచ్చింది బురద కథ కోసం.

ఆర్కియా అనే సూక్ష్మజీవులు నీటి వేడిని బట్టి తమ పొరలోని కొవ్వును మార్చుకుంటాయి. అవి చచ్చినా ఆ కొవ్వు అడుగు బురదలో కోట్ల ఏళ్లు ఉంటుంది. దాన్నిబట్టి పాత సముద్రాల వేడి చెప్పే ‘టెక్స్86’ లెక్కను 2002లో ప్రతిపాదించింది ఇక్కడివాళ్లే. సుమారు 5.6 కోట్ల ఏళ్ల కిందట ఆర్కిటిక్ నీళ్లు 23 డిగ్రీల దాకా వెచ్చబడ్డాయని చెప్పిందీ అదే. ఆర్కిటిక్ అండీ!

నమ్మొచ్చా మరి? ఈ జీవులు పైనీటిలోనే కాదు, వంద మీటర్ల లోతునా ఉంటాయి. బురద చెప్పేది ఏ నీటి వేడి? పైగా ల్యాబ్‌లో వేడి మార్చకుండా ఆక్సిజన్ తగ్గించినా రీడింగ్ పెరిగింది. అందుకే ఆల్గే కొవ్వుల్నీ, సూక్ష్మజీవుల పెంకుల్నీ కూడా సాక్ష్యం అడుగుతారు.